డెడ్ బై డేలైట్ కొత్తవాళ్లకు మరీ కష్టమా? మొదట ఏ హారర్ ఆట ఎంచుకోవాలి?

నలుగురు స్నేహితులు రాత్రి పది దాటాక కలిసి ఆడుకోవడానికి ఒక హారర్ ఆట వెతుకుతుంటే ముందు తగిలే పేరు డెడ్ బై డేలైట్. వెంటే ఇంకో మాట కూడా తగులుతుంది: "ఇప్పుడు అందులోకి వెళ్తే నలిగిపోతాం." ఆ భయానికి కారణం లేకపోలేదు. మాంట్రియల్‌లోని బిహేవియర్ ఇంటరాక్టివ్ దీన్ని 2016 జూన్ 14న విడుదల చేసింది. అప్పటి నుంచి కొత్త పాత్రలు చేరుతూనే ఉన్నాయి. వేటాడే పాత్రలైన కిల్లర్లే 40 దాటారు. పాత్రలతో పాటు వచ్చే పెర్కులు, అంటే అదనపు బలాన్నిచ్చే నైపుణ్యాలు, 250కి పైమాటే. వాటి వివరణలు చదవాలంటే పొడవాటి ఇంగ్లీషు పేరాలు.

మా తీర్పు ముందే చెబుతాం. ఆట కష్టమే, కానీ జనం చెప్పే కారణం వల్ల కాదు. ఆ పెర్కుల్లో మొదటి నెలలో మీకు కావాల్సినవి నాలుగో ఐదో. అసలు చిక్కు వేరే ఉంది: చచ్చాక ఎందుకు చచ్చామో ఈ ఆట విడమరిచి చెప్పదు. మొదటి ఆటను ఎంచుకోవడానికి మేం వాడే కొలత అదే. చావుకు కారణం ఎంత త్వరగా తెలిస్తే, ఆట అంత త్వరగా వస్తుంది. ఆ కొలతతోనే డెడ్ బై డేలైట్‌ను ఫాస్మోఫోబియాతోనూ, లీథల్ కంపెనీతోనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

డెడ్ బై డేలైట్: నియమాలు చిన్నవి, లెక్క పెద్దది

వేటాడే ఒక కిల్లర్, తప్పించుకోవాల్సిన నలుగురు సర్వైవర్లు. మ్యాప్‌లో 7 జనరేటర్లు ఉంటాయి. వాటిలో 5 బాగుచేస్తే రెండు గేట్లకూ కరెంటు వస్తుంది. ఏదో ఒక గేటు స్విచ్‌ను 20 సెకన్లు పట్టుకుంటే అది తెరుచుకుంటుంది. కిల్లర్ మొదటి దెబ్బకు గాయం, రెండో దెబ్బకు నేల మీద పడిపోతారు. అప్పుడు భుజాన వేసుకెళ్లి హుక్‌కు తగిలిస్తాడు. తోటివాళ్లు వచ్చి దింపవచ్చు. ఒకే మనిషి మూడోసారి హుక్ ఎక్కితే ఇక అంతే. ట్యుటోరియల్ ఇదంతా పావుగంటలో చెప్పేస్తుంది.

అది చెప్పనిది వెనకున్న లెక్క. ఒక్కరు కూర్చుంటే ఒక జనరేటర్‌కు 90 సెకన్లు పడుతుంది. ఐదింటికి 450 సెకన్ల పని. కిల్లర్ ఒకరి వెంట పడి ఉంటే మిగతా ముగ్గురూ తలా ఒకటి పట్టుకున్నారనుకోండి, నడక సమయం తీసేస్తే దాదాపు 150 సెకన్లలో పని ముగుస్తుంది. అంటే తరుముడులో ఉన్న మనిషి రెండున్నర నిమిషాలు దొరక్కుండా తిరిగితే అందరూ దాదాపు గెలిచినట్టే. ఆ ముగ్గురూ భయపడి పొదల్లో కూర్చుంటే ఎదురుగా ఎంత చేతకాని కిల్లర్ ఉన్నా ఓడిపోతారు. కొత్తవాళ్ల జట్లు ఎక్కువగా ఓడేది ఇలాగే. పరుగు రాకపోవడం వల్ల ఓడేది తక్కువ, జనరేటర్ మీద చేయి పెట్టకపోవడం వల్ల ఓడేది ఎక్కువ. ఇద్దరు ఒకే జనరేటర్ మీద కూర్చుంటే సమయం సగానికి రాదు, దాదాపు 53 సెకన్లు పడుతుంది. కాబట్టి వీలైనంత వరకు విడివిడిగా చేయడమే లాభం. అప్‌డేట్లతో ఈ అంకెలు అటూ ఇటూ జరుగుతుంటాయి, లెక్క తీరు మాత్రం మారదు.

మరమ్మతు మధ్యలో స్కిల్ చెక్ వస్తుంది. ముందు చిన్న గంట మోగుతుంది, తర్వాత చక్రం మీద ముల్లు తిరుగుతుంది. గీత దగ్గర నొక్కడం తప్పితే జనరేటర్ పేలుతుంది, పదో వంతు పని పోతుంది, ఆ చప్పుడు కిల్లర్‌కు ఎక్కడున్నా తెలుస్తుంది. ఆ గంట వినబడాలంటే హెడ్‌ఫోన్స్ ఉండాల్సిందే. ల్యాప్‌టాప్ స్పీకర్ల మీద ఆడేవాళ్లు దీన్ని కష్టం అనుకుంటారు. నిజానికి వాళ్లకు సగం ఆట వినబడటం లేదు.

ఇక తరుముడు సంగతి. సర్వైవర్ పరుగు సెకనుకు 4 మీటర్లు, మామూలు కిల్లర్ నడక 4.6. తిన్నగా పరిగెత్తితే దొరకడం ఖాయం, 12 మీటర్ల దూరం 20 సెకన్లలో కరిగిపోతుంది. అందుకే గోడల చుట్టూ, కిటికీల మీదుగా, చెక్క పాలెట్ల (పడేస్తే దారి మూసే పలకల) పక్కగా తిప్పాలి. ఆటగాళ్లు దీన్నే లూపింగ్ అంటారు.

ఒక పాలెట్ దగ్గర ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూడండి. రెండు పొట్టి గోడల మధ్య పాలెట్ నిలబెట్టి ఉంది. మీరు గోడ చుట్టూ తిరుగుతున్నారు, కిల్లర్ వెనక వస్తున్నాడు. అతని ముందు నేల మీద ఒక ఎర్రటి వెలుగు పడుతుంది. అతను ఎటు చూస్తే అటే పడుతుంది. గోడ అవతల అతను కనబడకపోయినా ఆ వెలుగు ఏ మూల నుంచి వస్తుందో చూస్తే అటు రావడం తెలుస్తుంది. సర్వైవర్‌కు కెమెరా వెనక నుంచి ఉంటుంది కాబట్టి ముందుకు పరిగెత్తుతూనే వెనక్కి చూడొచ్చు. కొత్తవాళ్లు చూడరు. పాలెట్ కనబడగానే కిల్లర్ ఇంకా ఐదు మీటర్ల దూరంలో ఉండగానే పడేసి పారిపోతారు. అతను రెండున్నర సెకన్లలోపే దాన్ని విరగ్గొట్టి మళ్లీ వస్తాడు, ఆ పాలెట్ ఇక ఎవరికీ పనికిరాదు. పడెయ్యాల్సింది అతను దాదాపు చేయి చాచే దూరానికి వచ్చినప్పుడు. అప్పుడు అతని మీదే పడి రెండు సెకన్లు ఆగిపోతాడు, లేదా అవతలి వైపు చిక్కుకుంటాడు. కిటికీల సంగతీ అంతే. తిన్నగా పరిగెత్తుకుంటూ వచ్చి దూకితే అర సెకను, పక్క నుంచి వచ్చి ఆగి దూకితే సెకనున్నర. ఆ ఒక్క సెకనులో వీపు మీద దెబ్బ పడుతుంది.

ఇంత చెప్పినా కొత్త మనిషికి అంతుపట్టనిది ఒకటి మిగులుతుంది. "నేను కనబడకుండా మూల తిరిగాను కదా, నేరుగా నా దగ్గరకే ఎలా వచ్చాడు?" సర్వైవర్ పరిగెత్తినప్పుడు నేల మీద, గోడల మీద ఎర్రటి గీతలు పడతాయి. అవి కిల్లర్‌కు మాత్రమే కనబడతాయి, మీ జాడ మీకు కనబడదు. నడిస్తే పడవు. కాకుల దగ్గరకు పరిగెత్తితే అవి ఎగిరి మీ చోటు చెబుతాయి. గాయపడ్డాక మూలుగు, రక్తపు మరకలు కూడా తోడవుతాయి. "కారణం చెప్పదు" అని ముందు అన్నది ఇందుకే. మీరు చచ్చింది మీరు చూడలేని వాటి వల్ల.

దీనికి మందు ఒకటే: ముందు కిల్లర్‌గా ఆడండి. సర్వైవర్‌గా ఒక్క మ్యాచ్ కూడా ఆడక ముందే ఐదు మ్యాచులు కిల్లర్‌గా ఆడితే ఆ గీతలు, కాకులు, పొదలో కదిలే భుజం అన్నీ మీ కళ్లతోనే చూస్తారు. భయం ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇందులో ఇంకో సుఖం కూడా ఉంది, కిల్లర్‌ను వెనక నుంచి ఎవరూ తరమరు. అసలు మనుషులతో వద్దనుకుంటే కస్టమ్ మ్యాచ్‌లో బాట్లతో, అంటే కంప్యూటరే నడిపే పాత్రలతో, ఆడుకోవచ్చు.

మొదటి కిల్లర్‌గా రెయిత్‌ను తీసుకోండి. గంట మోగించి మాయమవుతాడు, వేగంగా దగ్గరకు వెళ్తాడు, మళ్లీ గంట మోగించి కనబడి కొడతాడు. అంతకన్నా నేర్వాల్సింది తక్కువ. ట్రాపర్ కూడా తేలికైనవాడే అంటారు కానీ బోను ఎక్కడ పెట్టాలో తెలియాలంటే మ్యాపులు తెలిసి ఉండాలి, అవి ఇంకా మీకు తెలియవు. నర్స్ జోలికి వెళ్లకండి. ఆమె నడక సెకనుకు నాలుగు మీటర్లు కూడా ఉండదు, గోడల్లోంచి దూకే శక్తి మీదే ఆట అంతా నడుస్తుంది, అది చేతికి రావడానికి వారాలు పడుతుంది.

కిల్లర్‌గా కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ఒకే సర్వైవర్ వెంట మూడు నిమిషాలు తిరగడం. పైన చెప్పిన 150 సెకన్ల లెక్క ఇప్పుడు మీకు ఎదురు తిరుగుతుంది. 30, 40 సెకన్లలో మొదటి దెబ్బ పడకపోతే వదిలేసి, జనరేటర్ మీద ఉన్నవాళ్లను చెదరగొట్టండి. హుక్ ముందే కాపలా కూర్చోవడం కూడా దండగ. కిల్లర్ దగ్గరే ఉంటే తెర మీద ఒక గేజ్ నిండుతుంది, అది నిండితే వేలాడుతున్న మనిషి తనే దిగిపోవచ్చు.

సర్వైవర్ వైపు వచ్చాక పెర్కుల బరువు ఇలా తగ్గించుకోండి. డ్వైట్‌ను ఎంచుకోండి. అతని బాండ్ పెర్క్ చుట్టుపక్కల తోటివాళ్లను గోడల అవతల నుంచి కూడా చూపిస్తుంది. దాంతో పాటు ఏ సర్వైవర్ అయినా వాడగలిగే కిండ్రెడ్, డేజా వూ పెట్టుకోండి. ఎవరైనా హుక్ మీద ఉన్నప్పుడు ఎవరు దింపడానికి వెళ్తున్నారో, దగ్గర్లో కిల్లర్ ఉన్నాడో లేడో కిండ్రెడ్ చూపిస్తుంది. మాట్లాడుకునే వీలు లేని ఆటలో ఇది నోరున్నంత పని చేస్తుంది. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న మూడు జనరేటర్లను డేజా వూ చూపిస్తుంది. కొత్తవాళ్లు వాటిని చివరికి మిగిల్చి కిల్లర్‌కు కాపలా తేలిక చేస్తారు, అందుకే ముందు వాటిలో ఒకటి పూర్తి చేయాలి. నాలుగో పెర్క్ బ్లడ్‌వెబ్‌లో (బ్లడ్‌పాయింట్లతో పెర్కులు కొనే చోటు) ఏది వస్తే అది. కొన్నాళ్లకు కేట్ పాత్రను తెచ్చుకుంటే ఆమె విండోస్ ఆఫ్ ఆపర్చునిటీ పెర్క్ పాలెట్లనూ కిటికీలనూ పసుపు రంగులో చూపిస్తుంది. మ్యాపులు నేర్చుకోవడానికి దానికి మించిన పాఠం లేదు.

మ్యాచుల్లో సంపాదించిన బ్లడ్‌పాయింట్లను నలుగురైదుగురు పాత్రలకు పంచకండి. ఒక్కరి మీదే పెట్టి 50వ లెవెల్ దాటించి ప్రెస్టీజ్ చేయించండి (అంటే లెవెల్ మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది), అప్పుడే ఆ పాత్ర సొంత పెర్కులు మిగతావాళ్లకు కూడా అందుతాయి. పంచితే ఎవరూ ఎక్కడికీ చేరరు.

చచ్చాక మెనూలోకి తొందరగా పారిపోకుండా, మ్యాచ్ ముగిశాక వచ్చే స్కోర్ బోర్డులో కిల్లర్ పెట్టుకున్న నాలుగు పెర్కుల మీద కర్సర్ పెట్టి చదవండి. ఆట ఇచ్చే జవాబు ఆ ఒక్క చోటే ఉంది. రోజుకు రెండు పెర్కులు అర్థం చేసుకున్నా నెలలో తరచూ కనబడేవన్నీ తెలిసిపోతాయి.

పింగ్, అంటే నెట్ ఆలస్యం, విషయం కూడా పట్టించుకోండి. దెబ్బ తగిలిందా లేదా అన్నది ప్రధానంగా కిల్లర్ తెర మీద ఏం కనబడిందో దాన్ని బట్టి తేలుతుంది. అందుకే నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు కిటికీ దూకేశాక కూడా దెబ్బ పడినట్టు అనిపిస్తుంది. అది మీ చేతకానితనం కాదు. మొబైల్ హాట్‌స్పాట్ మీద నేర్చుకోవడం మాత్రం మానుకోండి, రౌటర్‌కు కేబుల్ వేసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

ఫాస్మోఫోబియా: చదువుకునేవాళ్ల ఆట

కైనెటిక్ గేమ్స్ దీన్ని 2020 సెప్టెంబర్ 18న ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తి కాకముందే, విడుదల చేసింది. నలుగురి వరకు ఒకే వైపు. దయ్యం పట్టిన ఇంట్లోకి వెళ్లి అది ఏ రకం దయ్యమో తేల్చి బయటపడాలి. దయ్యాలు 20కి పైగా, ఆధారాలు మాత్రం 7: ఈఎంఎఫ్ (విద్యుదయస్కాంత క్షేత్రం) మీటర్ మీద 5, స్పిరిట్ బాక్స్ (దయ్యాన్ని ప్రశ్నలడిగే రేడియో) జవాబు, పుస్తకంలో రాత, గడ్డకట్టే చలి, ఘోస్ట్ ఆర్బ్స్ (తేలే వెలుగు చుక్కలు), అల్ట్రావయొలెట్ కాంతిలో కనబడే ముద్రలు, డాట్స్ ప్రొజెక్టర్ (వెలుగు చుక్కలు పరిచే పరికరం)లో నీడ. ఒక్కో దయ్యానికి మూడేసి. ఒకటి దొరికి జర్నల్‌లో టిక్ పెట్టగానే సరిపడని దయ్యాల పేర్లు వాటంతటవే కొట్టివేతకు వెళ్తాయి. చివర్లో అది ఏ దయ్యమో ఆటే చెబుతుంది. మా కొలతలో దీనికి మంచి మార్కులు పడేది ఇక్కడే.

మొదటి ఇల్లు 6 టాంగిల్‌వుడ్ డ్రైవ్ అనే చిన్న ఇల్లు, కష్టం అమెచ్యూర్ పెట్టుకోండి. అందులో మొదటి 5 నిమిషాలు దయ్యం వేటకు రాదు. ఆ 5 నిమిషాల్లో థర్మామీటర్‌తో గది గది తిరిగి చల్లగా ఉన్న గది పట్టుకోవాలి. దొరకగానే అక్కడ పుస్తకం పెట్టి, వీడియో కెమెరా నిలబెట్టి, డాట్స్ వేసి బయటకు వచ్చేయండి. ఆర్బ్స్ కనబడేది కెమెరా నైట్ విజన్‌లోనే, ఇంటి బయట ఉండే జట్టు వ్యాన్‌లో కూర్చుని తెర మీద చూడొచ్చు. స్పిరిట్ బాక్స్ ప్రశ్న ఆ గది లైట్లు ఆపాకే అడగాలి. లైటు వేసి పదిసార్లు అడిగి "దీనికి స్పిరిట్ బాక్స్ లేదు" అని తేల్చేయడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. ఈఎంఎఫ్ 2, 3, 4 చూపిస్తే ఆధారం కాదు, 5 వరకు వెలగాలి. చలి కూడా 4, 5 డిగ్రీలు చాలదు, సున్నా కిందకు పోవాలి. ఒక తప్పుడు టిక్ పడితే జర్నల్ మొత్తం తప్పుదారి పడుతుంది.

చీకట్లో ఉన్నకొద్దీ మనోస్థైర్యం, అంటే శానిటీ, తగ్గుతుంది. చాలా దయ్యాలు జట్టు సగటు 50 శాతం కిందకు పడ్డాకే వేట మొదలుపెడతాయి. డీమన్ 70 దగ్గరే రాగలదు. వేట మొదలైతే వీధి తలుపుకు తాళం పడుతుంది, టార్చ్ మిణుకుమంటుంది. చేతిలోని పరికరాలు ఆపేసి అల్మారాలో నిలబడి నోరు మూసుకోవాలి. దయ్యానికి మైక్‌లో మాట వినబడుతుంది, వెలుగుతున్న పరికరం తెలుస్తుంది. "ఒరేయ్, వెనక ఉందిరా!" అని అరిచినవాడి దగ్గరకే అది ముందు వస్తుంది. చేతిలో ఇన్సెన్స్ (ధూపం) ఉంటే వెలిగించండి, దయ్యం కాసేపు తికమకపడుతుంది.

ఆధారాలు వెతికే ప్రాథమిక పరికరాలు ఉచితమే కాబట్టి చచ్చినా చేతులు ఖాళీ కావు. ఓపిక లేని జట్టుకు మాత్రం ఇది విసుగు. ఇద్దరు ఆధారాలు వెతుకుతుంటే ఇద్దరు తలుపులు తెరిచి మూసే గుంపైతే పది రోజుల్లో వదిలేస్తారు. ఒంటరిగా కూడా ఆడుకునే వీలుండటం దీని పెద్ద లాభం. కాకపోతే ఒంటరిగా భయం రెండింతలు.

లీథల్ కంపెనీ: ఒక్క రాత్రిలో వచ్చేది

జీకర్స్ అనే పేరుతో పనిచేసే ఒకే ఒక్క డెవలపర్ దీన్ని 2023 అక్టోబర్ 23న తెచ్చాడు. నలుగురు అంతరిక్ష ఓడ దిగి, పాడుబడిన ఫ్యాక్టరీల్లోంచి ఇనప సామాను ఏరుకొచ్చి కంపెనీకి అమ్మాలి. మొదటి కోటా, అంటే అమ్మాల్సిన సామాను విలువ, 130, గడువు మూడు రోజులు, చేతిలో 60 క్రెడిట్లు. ఆ 60తో ఏం కొనాలో ముందే అనుకోండి: 15 క్రెడిట్ల టార్చ్‌లు రెండు, వాకీటాకీలు రెండు. పార అప్పుడే వద్దు. ఎక్స్‌పెరిమెంటేషన్ అనే చంద్రుడితో మొదలుపెట్టండి. ఒకరు ఓడలోనే ఉండి తెర మీద మిగతావాళ్లను చూస్తూ టెర్మినల్‌లో తలుపుల కోడ్ కొడుతుంటే సగం చావులు తప్పుతాయి. సామాను గడువు చివరి రోజునే అమ్మండి, ముందే అమ్మితే పూర్తి ధర రాదు. నలుగురూ చనిపోతే ఓడలో దాచిన సామాను మొత్తం పోతుంది. కాబట్టి ముగ్గురు పోయాక నాలుగోవాడు వీరత్వం చూపకుండా ఓడ ఎత్తేయాలి.

బ్రాకెన్ అనే జీవిని కన్నార్పకుండా చూస్తే మీద పడుతుంది, ఒకసారి చూసి చూపు తిప్పుకోవాలి. కాయిల్ హెడ్ అనే జీవికి సరిగ్గా తలకిందులు, చూపు తిప్పారా మీద పడి చంపేస్తుంది. ఓడ బయట రాత్రి తిరిగే కుక్కలకు కళ్లు లేవు, మాట వింటే వస్తాయి. ఈ మూడూ ముందే ఎవరూ చెప్పక్కర్లేదు. చచ్చినవాడు మిగతావాళ్లను చూస్తూ ఉంటాడు, అందరూ ఓడకు చేరగానే "అది చూసినందుకే చంపిందిరా" అని చెబుతాడు. చావుకు కారణం అదే రాత్రి తెలిసిపోతుంది. మూడింటిలో త్వరగా వచ్చేది ఇదే. తొందరగా పాతబడేది కూడా ఇదేనని మా అభిప్రాయం.

జీటీఎఫ్ఓ అనే ఇంకో నలుగురి హారర్ ఆట గురించి కూడా అడుగుతుంటారు. 10 చాంబర్స్ చేసింది, పూర్తి రూపంలో 2021 డిసెంబర్ 10న వచ్చింది. ఎందుకు చచ్చారో అక్కడ స్పష్టంగానే తెలుస్తుంది, కానీ అప్పటికి గంట పని గాల్లో కలిసిపోతుంది. నలుగురూ వారం వారం కుదిరే జట్టు లేకపోతే మొదటి ఆటగా వద్దు.

మీకు ఏది?

నలుగురూ కొత్తే, వారంలో ఒక రాత్రే కుదురుతుంది అంటే లీథల్ కంపెనీ. ఇద్దరు ముగ్గురు ఉన్నారు, చదివి తేల్చుకోవడం ఇష్టం అంటే ఫాస్మోఫోబియా. జట్టు లేదు, ఎప్పుడు కుదిరితే అప్పుడు పావుగంట ఆడాలి, మనిషితో తలపడే పోటీ కావాలి అంటే డెడ్ బై డేలైట్, కష్టం అని ఎవరు చెప్పినా సరే. జట్టు లేనివాడికి ఆ ముగ్గురినీ ఆటే వెతికి ఇస్తుంది. వాళ్లతో మాట్లాడలేరు గనక కిండ్రెడ్ తీయకుండా ఉంచండి.

డెడ్ బై డేలైట్ ఎంచుకున్నవాళ్లకు వరుస ఇది. రెండు ట్యుటోరియళ్లూ, తర్వాత బాట్లతో రెండు మ్యాచులు, రెయిత్‌గా ఐదు, డ్వైట్‌గా పదిహేను. ఆ పదిహేనిటిలో తప్పించుకున్నారా లేదా చూడకండి, ఒక్కో మ్యాచ్‌లో కనీసం ఒక జనరేటర్ పూర్తి చేశారా, ఒకరిని హుక్ నుంచి దింపారా అన్నవే లెక్కపెట్టండి. పదిహేను అయ్యేసరికి తరుముడు మొదలైనప్పుడు వెనక్కి చూడటం అలవాటైతే ఆట మీకు వచ్చేసినట్టే, కొనసాగించండి. పాలెట్ కనబడగానే ఇంకా ముందే పడేస్తుంటే మళ్లీ కిల్లర్‌గా ఐదు మ్యాచులు ఆడండి. ఎదుటివాళ్లు పాలెట్‌ను ఏ క్షణంలో పడేస్తే మీ చేతికి దొరకకుండా పోతున్నారో అవతలి వైపు నుంచి చూడండి.